పాత యిండ్ల కిటికీలకు రెండవ అద్దము

విద్యార్థులారా! వేసవి మధ్యాహ్నమున తరగతిలో కిటికీ రెక్కలన్నియు తెఱచియుంచినను గాలి యాడుట లేదని మీరు విసుగుకొనుచున్నప్పుడు, ఇంటిలోని వేడిమి బయటికి పోకుండ ఒక్క కిటికీని రెండుమార్లు మూసికొనవలసిన దేశము కూడ నున్నదని యూహించుట కష్టము. ఈ పాఠశాలలో చదువుకొని, తరువాత ఉద్యోగార్థము స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరమున కొన్ని సంవత్సరములు నివసించిన నాకును మొదట నట్లే తోచినది. అచ్చట నేను కాపురమున్న పాతయింటిని, దాని కిటికీలకు మేము చేసిన చికిత్సను గుఱించి వ్రాయుమని సంచిక సంపాదకులు కోరిరి. కిటికీకి అద్దము బిగించుటలో వ్రాయదగిన దేమున్నదని మొదట సందేహించితిని. కాని మీ పాఠ్యపుస్తకములోని ఉష్ణప్రకరణ మంతయు ఆ రెండద్దముల నడుమ నిమిడియున్నదని పిదప తోచినందున ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

ఎడిన్‌బరో నగరమున ‘న్యూ టౌన్’ అను పేట యున్నది. పేరు క్రొత్తపేటయే గాని వయస్సు రెండువందల యేబది సంవత్సరములకు పైబడినది. జేమ్స్ క్రెయిగ్ అను యువశిల్పి గీచిన నక్షా 1767లో ఆమోదింపబడి, దాని ననుసరించి యీ పేట వెలసినది. 1995లో యునెస్కో సంస్థవారు అచ్చటి పాతపేటను, ఈ క్రొత్తపేటను కలిపి ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తించిరి. అందే ఇండియా వీధియను పేరుగల వీధి యొకటి కలదు. ఆ వీధిలోని 14వ నంబరు ఇంట 1831లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ జన్మించెను. విద్యుదయస్కాంత సమీకరణములచేత ఆయన పేరు మీరెఱుగుదురు. వాయువులలో అణువుల చలనమునుబట్టి ఉష్ణ మెట్లు ప్రాకునో గణితమార్గమున విచారించినవారిలో కూడ ఆయన అగ్రగణ్యుడు. మా యిల్లు ఆ వీధికి నడకదూరములోనే యుండెను.

మా యిల్లు విక్టోరియా రాణి కాలమున రాతితో కట్టిన నాలుగంతస్తుల మేడలో రెండవ అంతస్తు. అట్టి మేడలను అచ్చటివారు టెనెమెంట్లందురు. గోడలు రెండడుగుల మందము. కిటికీలు మాత్రము మనిషికంటె నెత్తైనవి. మన కిటికీలవలె రెక్కలు ప్రక్కకు తెఱచుకొనవు. క్రిందుమీదుగ రెండు చట్రములుండి, పైకిని క్రిందికిని జారును. చట్రముల త్రాళ్లు గోడలోని పెట్టెలో దాగిన కప్పీలమీదుగ పోయి ఇనుపగుండ్లకు కట్టబడియుండుటచేత, చిన్నపిల్ల సహితము వ్రేలితో చట్రము నెత్తగలదు. ఆ కాలపు గాజు నేటి గాజువలె నద్దినట్లు చదునుగా నుండదు. దానిగుండ చూచిన నెదుటి మేడ నీటిలోని ప్రతిబింబమువలె కొంచెము కదలును. కరగిన తగరముపై గాజును తేలించి చదునుచేయు పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ వారు 1959లో ప్రకటించిరి. విక్టోరియా రాణి కాలమున కిటికీగాజు చాలవఱకు పనివాని యూపిరితోను నేర్పుతోను తయారైనది. 1845 వఱకు బ్రిటనులో గాజునకు తూకమునుబట్టి సుంక ముండెడిది. ఇంగ్లండులో 1696 మొదలు 1851 వఱకు కిటికీల లెక్కనుబట్టి ఇంటిపన్ను కూడ నుండెడిది. గాలికిని వెలుతురునకును పన్ను వేసిన ప్రభుత్వ మంతకుముందును పిమ్మటను ఎన్ని యున్నవో చరిత్రోపాధ్యాయు నడుగుడు.

ఇంటి యజమానురాలు డెబ్బదియేండ్లు దాటిన వితంతువు. ఆమె వెనుకభాగమున నివసించి, వీధివైపు గదులను నాకిచ్చెను. నలువదియేండ్లుగ నామె ఆ యింటనే యున్నది. 2022 ఏప్రిలులో బ్రిటనునందు సామాన్య గృహముల గ్యాసు, విద్యుత్తు బిల్లుల పరిమితి ఒక్కసారిగ నూటికి 54 వంతులు పెరిగెను. ఆ శీతకాలమున నామె రెండు గదులకు తాళము వైచి, ఒక్క గదిలో మాత్రము వేడిమి నుంచుకొని, కిటికీయొద్ద నెల్లప్పుడునుండు తన కుర్చీని గోడమూలకు జరుపుకొనెను. ఇల్లమ్మి చిన్న యింటికి పొమ్మని బంధువులు చెప్పసాగిరి. పాత కిటికీలను పెఱికివైచి, రెండద్దములు కలిపి మూసిన క్రొత్త కిటికీలు పెట్టుమని మఱికొందఱు చెప్పిరి. దానికి కావలసిన సొమ్ము ఆమెయొద్ద లేదు. ఉన్నను, ఆ పేట రక్షితప్రాంత మగుటచేత వీధివైపు రూపము మార్చుటకు నగరపాలకసంఘపు టనుమతి కావలెను. ఇదిగాక మఱియొక మార్గము కలదని మాకు చెప్పినవాడు త్రాళ్లు బాగుచేయవచ్చిన వడ్రంగి. పాత కిటికీని ముట్టకుండ, దానికి లోపలివైపున, గదిలోనే మఱియొక యద్దపుచట్రమును బిగించుటయే యా మార్గము. దీనిని సెకండరీ గ్లేజింగు అందురు. ఇది భవనమునకు హానిచేయక, ఎప్పుడు కావలసిన నప్పుడు తీసివేయుటకు వీలగును గనుక, పురాతన భవనముల సంరక్షకులు సాధారణముగ దీని కభ్యంతరము చెప్పరు.

ఇది యెట్లు పనిచేయును? చాలమంది అద్దమే చలి నాపునని తలంతురు. అది పొరపాటు. గాజు ఉష్ణమును బాగుగనే పోనిచ్చును. నిశ్చలమైన గాలితో పోల్చిన నది సుమారు నలువదిరెట్లు మంచి వాహకము. పైతరగతుల విద్యార్థులు కాగితము, కలము తీసికొని నాతో లెక్క వేయుడు. గదిలోపల గాజున కంటియుండు పలుచని గాలిపొరయొక్క ఉష్ణనిరోధమును ఇంజనీర్లు 0.13 అని తీసికొందురు. బయట గాలి వీచుచుండును గనుక అచ్చటి పొర నిరోధము 0.04 మాత్రమే. ఇక నాలుగు మిల్లిమీటర్ల గాజు నిరోధము 0.004. మూడును కూడిన 0.174. ఇందు గాజు పాలు నలువదింట నొకవంతైనను లేదు! ఒకటిని ఈ సంఖ్యచేత భాగించిన 5.7 వచ్చును. అనగా లోపలికిని బయటికిని ఒక డిగ్రీ భేదమున్నచో ప్రతి చదరపు మీటరుగుండ 5.7 వాట్ల వేడిమి పోవుచుండును.

ఇప్పుడు రెండవ గాజును కొంత యెడముగ నిలుపుడు. గాజు పెరిగినందున కలుగు లాభము మరల 0.004 మాత్రమే. కాని రెండు గాజుల నడుమ చిక్కిన గాలి సుమారు 0.18 నిరోధమును చేర్చును. మొత్తము 0.358 అగును. పోవు వేడిమి 2.8 వాట్లకు దిగును. అనగా సగమునకంటె తక్కువ. పని చేసినది గాజు కాదు, గాజు బంధించిన గాలి. 1892లో జేమ్స్ డ్యూవర్ అను స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు రెండు గాజుగోడల నడుమ గాలిని కూడ తీసివైచి, మనము నేడు కాఫీ పోసికొను థర్మాసు పాత్రకు మూలమైన పాత్రను చేసెను. కిటికీకి అంత అవసరము లేదు. గాలి కదలకున్న చాలును.

మా కిటికీ యొక్కొక్కటి సుమారు రెండు చదరపు మీటర్లు. బయట 3 డిగ్రీలు, లోపల 18 డిగ్రీలు ఉన్న దినమున భేదము 15 డిగ్రీలు. ఒక్క అద్దమైన 171 వాట్లు, రెండద్దములైన 84 వాట్లు పోవును. మూడు కిటికీలకు ఒక దినరాత్రమునకు మిగులు వేడిమి ఆరు యూనిట్లకు పైచిలుకు. రెండవ గాజునకు కంటికి కనబడని తగరపు ఆక్సైడు పూత నిచ్చినచో వికిరణముచేత పోవు వేడిమియు తగ్గి, నష్ట మింకను దిగును. 2008లో హిస్టారిక్ స్కాట్లాండు సంస్థకొఱకు గ్లాస్గో కాలెడోనియన్ విశ్వవిద్యాలయమువారు పాత జారుడుకిటికీని పరీక్షాగారమునందుంచి కొలిచినప్పుడు, ఇట్టి లోపలి యద్దము వేడిమి నష్టమును నూటికి అరువదికి పైగా తగ్గించినదని తేలెను. పాతకాలపు కఱ్ఱతలుపులను కేవలము మూసికొన్నంతనే నష్టము దాదాపు సగము తగ్గినదని కూడ అందే తేలెను. ఆ మేడలను కట్టిన తాతలు కిటికీ కిరువైపుల మడతతలుపులు పెట్టినది వేడుకకు కాదు. తరువాతివారు వాటికి రంగుమీద రంగు పూసి, కదలకుండ నతికించివైచిరి.

నిజమునకు గాజుగుండ పోవు వేడిమితో పాటు సందులగుండ దూరు గాలియు నంతే పీడ. నేనొక రాత్రి వెలిగించిన క్రొవ్వొత్తిని తెర దూరముగ తొలగించి కిటికీ యంచులవెంట నడిపితిని. రెండు చట్రములు కలియుచోట జ్వాల అడ్డముగ పడుకొన్నది. క్రిందియంచున నారిపోయినది. నూఱేండ్లకు పైగా జారి జారి కఱ్ఱ యరిగిన కిటికీ అట్లుండక యెట్లుండును? లోపలి చట్రమునకు చుట్టును మెత్తని రబ్బరుపట్టీ వేసి బిగించినచో ఈ గాలి చాలవఱకు ఆగిపోవును. మా యింట బిల్లు తగ్గుటకు పూర్వమే మేము గుర్తించిన మార్పు ఇదియే.

శీతదేశములలో నీ యూహ క్రొత్తది కాదు. వియన్నా, బెర్లిను నగరముల పాతమేడలలో ఒకదానివెనుక నొకటిగ రెండు కిటికీలుండి, నడుమ పెట్టెవలె నేర్పడును. రష్యాదేశమున శీతకాలారంభమున రెండవ చట్రమును పెట్టి, సందులకు కాగితపుపట్టీలు అతికించి, నడుమ దూదిని పఱచుట వాడుక. ఉత్తర అమెరికాలో రెండవ కిటికీని బయటివైపున తగిలించి, వసంతమున దించుదురు. బ్రిటనులో మాత్రము చిరకాలము బొగ్గు చవుక. పొయ్యి మండుటకు గాలి కావలెను గనుక, సందుల గాలిని దోషముగ నెంచలేదు.

ఇక మేము చేసిన పని చెప్పెదను. మొదటి శీతకాలమున చేతిలో సొమ్ము లేక, పలుచని ప్లాస్టికుపొరను రెండువైపుల జిగురుగల పట్టీతో లోపలి చట్రమున కతికించి, తలవెండ్రుకల నారబెట్టుకొను వేడిగాలి యంత్రముతో వెచ్చచేసితిమి. పొర బిగిసి మద్దెలతోలువలె నిలిచినది. చూపునకు సొంపుగా లేకున్నను వెచ్చదనము తెలిసినది. ఉత్సాహము పట్టలేక నేను బయటి పాతకిటికీ సందులన్నిటిని కూడ రబ్బరునురుగుతో కూరి మూసితిని. పొర క్రిందిమూల అతుకు వదలియుండుటను మాత్రము చూడనైతిని. జనవరిలో పాతగాజు లోపలిముఖమునుండి నీరు కారి, కఱ్ఱగడపపై నిలిచి, నల్లని బూజు పట్టినది. నూటయేబదియేండ్లు వానకు చెడని కఱ్ఱ నా తెలివిచేత ఒక్క శీతకాలములో మెత్తబడినది. యజమానురాలు నన్నేమియు ననలేదు. వడ్రంగి మాత్రము అనవలసినంతయు అనెను.

కారణము మరల లెక్కలోనే యున్నది. 18 డిగ్రీల గదిలో గాలియందు నూటికి 60 వంతుల తేమ యున్నప్పుడు, అది సుమారు 10 డిగ్రీలకు చల్లబడిన మంచుబిందువులుగ మారును. ఒంటి యద్దము లోపలిముఖము, పైన చెప్పిన దినమున, 7 డిగ్రీలు మాత్రమే. కావుననే పాత కిటికీలపై ప్రతి యుదయము నీరు. రెండవ అద్దము పెట్టిన పిదప గదివైపు ముఖము 12 డిగ్రీలకు పైబడును. ఇక దానిపై నీరు పట్టదు. కాని బయటి పాతగాజు గదివేడిమికి దూరమై, మునుపటికంటె చల్లబడి 5 డిగ్రీలకు దిగును. గదిలోని తేమగాలి ఏ సందుననైన రెండద్దముల నడుమకు దూరినదా, అచ్చట తప్పక నీరగును. బయటి సందులు మూసియున్న నా నీరు పోవు దారి లేదు. కావున నియమ మిది: లోపలి చట్రము గాలి చొరనంత బిగువుగ నుండవలెను. బయటి కిటికీ కొంచెము ఊపిరి పీల్చుకొనవలెను. నేను సరిగా దీనికి తలక్రిందుగ చేసితిని.

మరుసటియేడు చట్రములను సరిగా చేయించితిమి. పెద్ద కిటికీకి గాజు వేసిన బరువెక్కువ. నాలుగు మిల్లిమీటర్ల గాజు చదరపు మీటరునకు 10 కిలోలు తూగును. అంత మందపు ఆక్రిలిక్ పలక అందు సగముకూడ తూగదు. అయినను గీతలు పడును, నిప్పునకు మండును. అందుచేత వీధివైపు జారుడు గాజుచట్రములును, వెనుక చిన్న కిటికీకి అయస్కాంతపు పట్టీతో నంటుకొను ఆక్రిలిక్ పలకయు పెట్టించితిమి. రెండద్దముల యెడము ఎంత యుండవలెనను ప్రశ్నకు, వేడిమికొఱకైన రెండు సెంటీమీటర్లు చాలును. వీధిచప్పుడు తగ్గవలెనన్న పది సెంటీమీటర్లైన నుండవలెను. రాళ్లు పఱచిన వీధిలో బండ్లు పోవు చప్పుడునకు యజమానురాలు నిదురలేక యుండునని మేము పన్నెండు సెంటీమీటర్లు విడిచితిమి. మడతతలుపులు తెఱచి మూయుటకు చోటు విడుచుట మఱవరాదు. పడుకగదిలో చట్రము లోపలినుండి సులువుగ తెఱచుకొనునట్లుండవలెను. ఇంటికి నిప్పంటుకొన్ననాడు కిటికీయే ద్వారము. గదిలో బొగ్గుపొయ్యిగాని గ్యాసుపొయ్యిగాని యున్నచో, దానికి గాలి వచ్చు మార్గమును మూయుట ప్రాణాపాయకరము. కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు.

ఈ యుపాయము సర్వరోగనివారిణి కాదు. ఇంటిపైకప్పునకు అటకపై ఉన్నిపఱుపు లేనివారు మొదట దానికి ఖర్చుపెట్టుట మేలు. మాకు పైనను క్రిందను వేఱు కాపురములుండి, గోడలు మందమగుటచేత కిటికీలే ముఖ్యద్వారములైనవి. రెండద్దముల క్రొత్త కిటికీ ఇంకను కొంచెము మేలుగ పనిచేయవచ్చును. కాని దాని యంచులలోని జిగురు కొన్నియేండ్లకు వదలి, నడుమ పొగమంచు పట్టిన, అద్దపుజత మొత్తము మార్చవలసినదే. పాతకిటికీకి త్రాడు తెగిన త్రాడు, పలక పగిలిన పలక మార్చిన సరిపోవును.

మన గ్రామములకు దీని ప్రయోజనము కలదాయని తలిదండ్రు లడుగవచ్చును. మనకు బాధ లోపలి వేడిమి బయటికి పోవుట కాదు, ఎండ లోపలికి వచ్చుట. దానికి మన పెద్దలు ముందే వరండాలును, వట్టివేళ్ల తడికలును కనిపెట్టిరి. అయితే నేడు మన పిల్లలనేకులు బ్రిటనునకు చదువులకు పోయి, ఇట్టి పాతయిండ్లలోనే నలుగురైదుగురు కలిసి యుందురు. వారికి వ్రాయు జాబులలో ఈ మాటలు చేర్పుడు. అన్నము వండునప్పుడు మూతపెట్టి, వంటగది గాలిపంకాను తిప్పవలెను. తడిబట్టలను గదిలో వేడిగొట్టములపై నారవేసి కిటికీలు బిగించుకొనరాదు. ఒక్క బిందెడు నీరు గాలిలో కలిసిన నది ఎక్కడనో ఒక చల్లని గోడపై బూజై తేలును. ఖర్చునకు వెఱచి గదిని మఱీ చల్లగ నుంచుకొనరాదు. 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు శీతకాలమున ఇంటిలో 18 డిగ్రీలైన నుండవలెనని సూచించిరి. అద్దెయిల్లైనచో మేకు కొట్టుటకు ముందు యజమాని యనుమతి నడుగవలెను. పొరయు, అయస్కాంతపు పలకయు గోడను గాయపఱచవు గనుక వాటికి సాధారణముగ అడ్డు చెప్పరు.

క్రొత్తచట్రములు పెట్టిన యేడు డిసెంబరులో మంచు పడెను. నేను పనినుండి వచ్చి చూచునప్పటికి యజమానురాలు తాళము వైచిన గదులలో నొకదానిని తెఱపించి, కుర్చీని మరల కిటికీయొద్దకు జరిపించుకొని కూర్చుండియుండెను. ఇంటి నమ్ము మాట ఆ శీతకాలమున మరల వినబడలేదు. ఏప్రిలు రాగానే వెనుకకిటికీ పలకను దించి, గీతలు పడకుండ దుప్పటిలో చుట్టి, ఆమె మంచముక్రింద పెట్టుట నా పని. అక్టోబరులో దానిని మరల తుడిచి యెత్తుటయు నాదే.

— ఒక పూర్వవిద్యార్థి